నలభై గ్రాముల అడ్డంగీత

పందొమ్మిది వందల తొంభై జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం, మన శిశు ఆరోగ్య పరిశోధన కేంద్రంలో క్షేత్ర నర్సుగా చేరిక సంతకం చేసిన నాటికి, ఇప్పుడు మన వీడ్కోలు అందుకుంటున్న వారి వయసు పాతికేళ్లు; చేతికి అందినవి ఒక స్ప్రింగు తక్కెడ, దానికి తగిలించే గుడ్డ జోలె, గట్టి అట్టల రిజిస్టరు. ఈ ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన సీనియర్ నర్సుగా పదవీ విరమణ చేస్తున్న వారిని వీధుల్లోని తల్లులు ‘గ్రాములక్క’ అంటారు. ఈలోగా డైరెక్టర్లు నలుగురు మారారు గానీ ఆ పేరు మారలేదు.

ఇక్కడ ఒక సంగతి విన్నవించుకోవాలి. తేదీలు సరిచూడమని ఈ వ్యాసకర్త తన తొలి ప్రతిని వారికి అందజేస్తే, మర్నాడు అది రెండు అడ్డంగీతలతో తిరిగి వచ్చింది. ‘ముప్పై అయిదేళ్ల సేవ’ అన్నచోట ఒక గీత; పక్కన ‘ముప్పై నాలుగేళ్ల ఏడు నెలల ఇరవై ఆరు రోజులు’; కింద పొట్టి సంతకం, తేదీ. దానికి కార్యాలయమంతా నవ్వుకుంది. రెండవ గీత ‘ఒక్క పొరపాటైనా ఎరుగని చేయి’ అన్న మాటల మీద. పక్కన ‘ఒకటి’ అని రాసి, మళ్లీ సంతకం, మళ్లీ తేదీ. దానికి ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంట్లోవాళ్లు కూడా చదివే మన కేంద్ర పత్రిక సంచిక కదా, ఇప్పుడెందుకులెండని వ్యాసకర్త నసిగితే, వారు కళ్లజోడు తుడుచుకుంటూ నింపాదిగా అన్నారు: “మా ఆయనకు తెలుసు. మా అమ్మాయికే చెప్పలేదు, ఇన్నేళ్లూ నోరు రాలేదు. నువ్వు రాసిపెట్టు, నాకు ఆ బాధ తప్పుతుంది.”

కనుక ఉన్నది ఉన్నట్టుగా ఇది. తక్కువ బరువుతో పుట్టిన శిశువులను ఇంటికి వెళ్లి చూస్తూ ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయన్నది ఆనాటి పరిశోధన. పుట్టిన బరువు రెండున్నర కిలోలకు తగ్గితే నర్సు వారం వారం వెళ్లాలి. తగ్గకపోతే మూడు నెలలకొకసారి. వారు చేరిన రెండవ ఏట, అంతకు ముందు ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంట్లో తక్కెడ వేలాడదీశారు. ముల్లు రెండు వేల నాలుగు వందల అరవై గ్రాముల దగ్గర ఆగింది. ఆ తల్లి మాత్రం ముల్లు వంక చూడలేదు, నర్సు ముఖం వంకే చూసింది.

“రెండున్నర ఉందని చెప్పు సిస్టరమ్మా. ఈ బిడ్డ నిలుస్తుందని ఒక్కసారి వినాలనుంది.”

గ్రాములక్క మనసు వెన్నపూస. ఉందమ్మా అన్నారు, అన్నమాటకు తగ్గట్టు రిజిస్టరులోనూ రెండు వేల అయిదు వందలనే రాశారు. నలభై గ్రాములంటే పిడికెడు బియ్యం. నోటి మాటతో ఆగి ఉంటే అది ఓదార్పే. కాగితం మీదికి ఎక్కేసరికి ఆ బిడ్డ వారం వారం చూసే జాబితాలోంచి జారిపోయింది.

ఎనిమిది రోజులు వారికి అన్నం సయించలేదు. ఎనిమిదవ నాటి సాయంత్రం, దర్జీ పని చేసే భర్త గారు అడిగి అడిగి సంగతి రాబట్టారు. విని కోప్పడలేదు గానీ, మిషను ఆపి ఒక మాట అన్నారట: “మేం కొలత తప్పుతామని లోపల అంగుళం గుడ్డ వదులుతాం. ఆ బిడ్డకి నువ్వు ఏం వదిలావు?”

మర్నాడు పొద్దున్నే వారు ఆ ఇంటికి పరుగెత్తారు. బిడ్డ ఒళ్లు చల్లబడి, పాలు కుడవలేక, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. బరువు రెండు వేల నూట ఎనభైకి దిగింది. జాబితాలో ఉండి ఉంటే ఏడవ రోజునే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. బిడ్డను తన ఎదకు ఆనించి చీర చుట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని వార్డుకు చేర్చారు. ఆ బిడ్డ బతుకుతుందో లేదో ఇంకా తేలని ఆ మధ్యాహ్నమే, ఉద్యోగం ఊడుతుందని తెలిసే, రిజిస్టరు పట్టుకుని అప్పటి పెద్ద డాక్టరు గారి ముందు నిలబడ్డారు. ఆయన ఆ పుట చూసి, కలం వారి చేతికే ఇచ్చారట.

“తుడవకు. ఒక్క గీత కొట్టి పక్కన నిజం రాయి. తప్పు కూడా కనపడాలి.”

ఉద్యోగం నిలిచింది, కానీ ఆరు నెలలు తక్కెడ ముట్టనివ్వలేదు. ఆ ఆరు నెలలూ వారు సీసాలు కడిగారు, చీటీలు అంటించారు, ఒక్కపూట సెలవు పెట్టలేదు. పదకొండు రోజులు వార్డులో ఉండి ఆ బిడ్డ గట్టెక్కింది. అయిదేళ్లు నిండిన నాడు దాని బరువు పదహారు కిలోల నూట ఎనభై గ్రాములు. ఈ అంకె కోసం వారు రిజిస్టరు తెరవనక్కరలేదు.

తరువాతి కాలంలో, తొలి గంటలోనే తల్లిపాలు పట్టించడంపైనా, బిడ్డను తల్లి ఎదకు ఆనించి వెచ్చగా ఉంచడంపైనా సాగిన అధ్యయనాలకు వారే వెన్నెముక. నాలుగు వేల మూడు వందల పదిహేడు మంది పిల్లల ఎదుగుదల వారి చేతి మీదుగా నమోదైంది. కొత్తవాళ్లు తెచ్చిన బరువులన్నీ వందలూ యాభైలుగా కనిపిస్తే, “పిల్లలు ముందే మాట్లాడుకుని పుట్టారా?” అంటూ తిప్పి పంపేవారు. తల్లులను ఓదార్చడం మాత్రం మానలేదు. “బరువు తక్కువేనమ్మా, అందుకే వారం వారం వస్తాను” అనడం అలవాటు చేసుకున్నారు. పనిలో చేరిన ప్రతివారికీ మొదటి రోజున పాత రిజిస్టరులో ఒక పుట తెరిచి, తప్పును ఎలా దిద్దాలో చూపేవారు. ఈ వ్యాసకర్తకూ చూపారు. ఆ పొట్టి సంతకం ఎవరిదని మాలో ఎవరమూ అడగలేదు. అడగనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వారి అమ్మాయి గారికి ఒక విన్నపం. ఇది చదివాక మీ అమ్మగారి పక్కన కాసేపు కూర్చోండి.

ఇలాంటి వ్యాసాన్ని ‘నిండు నూరేళ్లు’ అన్న దీవెనతో ముగించడం రివాజు. కానీ నూరు మరీ గుండ్రని అంకె. వారి చేతికి వెళితే తిరిగి వస్తుంది. అందుచేత మన గ్రాములక్క నూట మూడేళ్ల నాలుగు నెలల పదకొండు రోజులు, భర్త గారు తోడుగా, ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని కేంద్రమంతా మనసారా కోరుకుంటోంది. తక్కువని తోస్తే, ఆనాడు వారే ఈ అంకె మీద ఒక్క గీత కొట్టి, పక్కన పెద్ద అంకె వేసి, సంతకం చేసి, తేదీ రాయవలసిందిగా మనవి.