‘తెలియదు’ అన్న బుచ్చయ్య సారు

1947 జూన్ తొమ్మిదవ తేదీన, చిట్యాల దాపున ఒక పల్లెలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో శ్రీ బుచ్చయ్య గారు విధుల్లో చేరారు. సేద్యం చేసుకునే ఇంట పుట్టి, పట్టుదలతో చదివి పంతులైన ఆ యువకునికి తొలి నెలలోనే పరీక్ష ఎదురైంది. పెట్టింది గొర్లు కాచే సైదమ్మ కూతురు అండాలు.

“సారూ, కాకి కన్ను నల్లగుంటది, కోయిల కన్ను ఎర్రగుంటది. గట్లెందుకు?”

పిల్లల తల్లిదండ్రులంతా చూస్తుండగా బుచ్చయ్య గారు, “నాకు తెల్వదు బిడ్డా. తెలుసుకొని చెప్త” అన్నారు. ఊరు నోరు వెళ్లబెట్టింది. తెలియదనే పంతులును వాళ్లెన్నడూ చూడలేదు.

ఆడిన మాట తప్పే మనిషి కారు. సెలవు దినాల్లో గుట్టలెక్కి, గుబుర్లలో నక్కి చూశారు. కాకిగూట్లో పెరిగే కోయిలపిల్ల కన్ను నల్లగానే ఉండి ఎదిగాక ఎర్రబడుతుందనీ, డేగపిల్ల పసుపుపచ్చ కన్ను వయసుతో ఎరుపెక్కుతుందనీ పిల్లలకు చూపించారు. కంటిపాప చుట్టూ ఉన్న వలయంలోని వర్ణద్రవ్యాలు దానికి కారణమని తరువాత పుస్తకాల్లో చదివి బోధించారు. ఒక్కో పిట్టకు ఒక్కో రంగు ఎందుకన్నది మాత్రం ఎవరికీ పూర్తిగా తెలియదని నేటికీ నిస్సంకోచంగా చెబుతారు.

ఆ తిరుగుడే ఆయన మెడకు చుట్టుకుంది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, కమ్యూనిస్టు సాయుధ దళంలోని జానయ్య కోసం మిలిటరీ వాళ్లు ఊళ్లోకి వచ్చారు. కాలికి గుండు తగిలిన జానయ్య అప్పుడు సైదమ్మ గొర్ల దొడ్డిలోనే పడి ఉన్నాడు. పొద్దున అతనికి జొన్న గటక తినిపించి వచ్చింది బుచ్చయ్య గారే. గుట్టలు తిరిగే పంతులుకు ఆచూకీ తెలిసే ఉంటుందని, అధికారి ఆయన్ను బడి ముందు నిలబెట్టి రొమ్ముకు తుపాకీ ఆనించాడు.

“నాకు తెలియదు” అన్నారు బుచ్చయ్య గారు. అధికారి నమ్మలేదు.

సైదమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “దొరా, గీ సారు తెల్వదంటే తెల్వనట్టే. పిట్ట కండ్లకు రంగులెందుకని నా బిడ్డ అడిగితే ఊరందరి ముంగట తెల్వదన్నడు. ఇజ్జత్ కోసం అబద్ధమాడనోడు ఇప్పుడాడుతడా?”

జనమంతా అవునన్నారు. దుబాసీ చెప్పింది విని అధికారి ఫక్కున నవ్వి తుపాకీ దించాడు. బుచ్చయ్య గారు అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

తరువాత చౌటుప్పల్‌లోనూ, మన కొత్తకోటలోనూ పనిచేసి ప్రధానోపాధ్యాయులైనా, ఈ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు. పోయిన నెల జానయ్య గారు కుంటుకుంటూ మన బడికి వచ్చి చెప్పారు. మన బడి పత్రిక కోసం మేం అడిగితే బుచ్చయ్య గారు తలవంచుకుని, “బడి ముంగట అబద్ధమాడిన. గా పని మంచిగ లేకుండె” అన్నారు. ఎంత మనిషి!

వారికి ఆయురారోగ్యాలు ప్రసాదించమని దైవాన్ని ప్రార్థిస్తూ ఈ వ్యాసం ముగించబోతే, పక్కనే కూర్చుని వింటున్న జానయ్య గారు అడ్డుపడ్డారు.

“దేవున్నెందుకడుగుతరు? గా దినం సంది నేను బతికిన బతుకంత సారు ఇచ్చిందే. నాకింక మిగిలిన ఆయుసు ఆయనకే ముట్టాలె. నూరేండ్లు సల్లగుండాలె.”