ఫోనుతో పుట్టిన ఆల్బం

నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్తాను. ఈ వయసులోనూ కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. ఆ సుగుణం వల్లే, కొత్త ఫోను తెరిచిన రోజు చీమకాళ్ళలాంటి అక్షరాలు ఎన్నొచ్చినా అద్దాల జోలికి పోలేదు. అడిగినవాటికల్లా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేశాను.

"చదవకుండానా మాస్టారూ?" అన్నాడు టీ కొట్టాయన.

మనిషిని చూసి కొలత చెప్పే టైలర్ని, నాకు చదవడమెందుకయ్యా! సరే, అందులో ఓ ఆల్బం యాప్ ఉంది. నేను పెట్టింది కాదు, ఫోనుతోపాటే పుట్టింది. ఓ పొద్దున "మీ మధుర క్షణాలు" అంటూ పాట పెట్టి ఫొటోలు చూపించింది. ఏవీ? జాకెట్టు ట్రయల్ వేసినప్పుడు భుజం ఎక్కడ లాగుతోందో గుర్తు కోసం తీసుకుంటానే, ఆ ఆడవాళ్ళవి! అవి బయటికి పోతే ఇక నా షాపు గడప తొక్కేదెవరు? యాప్ తీసెయ్యబోతే "తొలగించడం కుదరదు" అంది. నా ఫోన్లో నాకే కుదరదట!

"అప్పుడేం చేశావు బావా?" మా బావమరిది ఎగదోశాడు.

బొటనవేలితో అదిమాను. వణికింది. ఇంకా అదిమాను. "బాబ్బాబూ, వదిలెయ్" అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుట్టుమిషను దానంతటదే తిరగడం మొదలెట్టింది! లైట్లు ఆరిపోయి షట్టరు దిగిపోయింది. ఆ చీకట్లో, హ్యాంగర్లకున్న జాకెట్లన్నీ నావైపు తిరిగి కొలతలు అప్పజెప్తున్నాయి, ఎవరి జాకెట్టు వాళ్ళ గొంతుతోనే!

"అమ్మో!" టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు.

నేను బెదురుతానా? మోచేతిదాకా తెరలోకి చెయ్యి దూర్చి దాని మెడ పట్టుకు లాగాను. గుడ్డ తాను విప్పినట్టు వీధి చివరిదాకా వస్తూనే ఉంది. కరకరా కత్తిరించి ఇస్త్రీపెట్టె కింద అణిచేశాను. కంపెనీ ఓనరే ఫోన్ చేసి, "అయ్యా, ప్రపంచంలోని ఫోన్లన్నిట్లోనూ చచ్చిపోయింది, ఒక్కదాంట్లోనైనా బతకనివ్వండి" అని ఒకటే ఏడుపు...

"చచ్చిపోయిందా మాస్టారూ?"

బల్ల చివర, డ్యూటీ దిగి టీ తాగుతున్న నర్సమ్మ. నా దగ్గరే కుట్టించుకుంటుంది. తన ఫోను నావైపు తిప్పింది.

"మరి ఇవాళ మీ నంబరు నుంచి ఇది నాకెలా వచ్చింది?"

పాట మొదలైంది. తెరమీద ఆవిడే, పిన్నులు గుచ్చిన జాకెట్లో, నా షాపు అద్దం ముందు.

"నాది నాకే వచ్చిందిలే అనుకున్నాను. తర్వాత చూడండి, మన టీచరమ్మది. ఆవిడది నాకొచ్చింది. నాది ఎవరికి వెళ్ళింది మాస్టారూ?"

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. పాలు పొంగిపోతున్నా టీ కొట్టాయన కదల్లేదు.

అంతలో నా జేబులో ఫోను గుర్రుమంది. తీసి చూస్తే మళ్ళీ అవే చీమకాళ్ళు. బావమరిది కళ్ళద్దాలు లాక్కుని పెట్టుకున్నాను.

"కొత్త ఆల్బం సిద్ధం. మీవాళ్ళకు పంపించేశాం."

ఫోను నర్సమ్మ చేతిలో పెట్టాను. ఏ కుట్టు విప్పితే ఏది ఊడొస్తుందో నాకు తెలుసమ్మా. ఒకసారి సరేనన్నాక, వద్దని ఎక్కడ చెప్పాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.