పాట నడుమ ఆపని మైకు బంగ్లా పెద్దమనిషి: శ్రీ ఈశ్వరప్ప గారు

రెండు వేల నాలుగో సంవత్సరం సెప్టెంబరు ఆరో తేదీ సోమవారం ఉదయాన, కామసముద్రం వాస్తవ్యులైన శ్రీ ఈశ్వరప్ప గారు మన వారసత్వ భవనాల ట్రస్టులో ఎలక్ట్రీషియన్‌గా చేరి, ఆ రోజే మైకు బంగ్లా తాళం తెరిచారు. తాళం తెరిచింది వారే గానీ లోపల ముందు అడుగు పెట్టింది చీపురుతో నేను. అప్పటికి మా కోలారు బంగారు గనులు మూతపడి మూడేళ్ళు దాటింది. గబ్బిలాల కంపు, బంగారం తీసి పారబోసిన మట్టి, ఆ సైనైడు దిబ్బల మీది నుంచి కొట్టుకొచ్చిన బూడిదరంగు దుమ్ము, ఆ దుమ్ములో ఒక మైకు, దాని ముందు ఒక కుర్చీ. కుర్చీ మీద మాత్రం దుమ్ము లేదు. ఎందుకు లేదని వారు నన్ను అడగలేదు, నేనూ వారిని అడగలేదు.

గనులు నడిచిన కాలంలో ఆ బంగ్లా మాకు నోరూ చెవీ కూడా. పాటలు, వార్తలు, షిఫ్టు కబుర్లు అక్కడి నుంచే తీగల మీద లైన్లకు, అంటే కార్మికుల ఇళ్ళ వరుసలకు, వచ్చి స్తంభాల మీది స్పీకర్లలో మోగేవి. భూగర్భంలో బండ పగిలి ప్రమాదం జరిగితే పాట నడుమనే ఆగిపోయేది. పాట ఆగితే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి గడపలో నిలబడాలి. ఏ షాఫ్టులో, అంటే ఏ గనిబావిలో, జరిగిందో మైకు చెప్పేదాకా గడప దాటకూడదు, మగని పేరు ఎత్తకూడదు. అది మా ఆచారం. చెనిక్కాయలు పండించే ఇంట పుట్టిన ఈశ్వరప్ప గారికి ఇది తెలిసే మార్గం లేదు. మేమూ చెప్పలేదు. ఊపిరి ఎట్లా తీసుకోవాలో ఎవరు ఎవరికి చెబుతారు?

తరువాతి ఏడేళ్ళు వారు అసమాన దీక్షతో ఆ శిథిల భవనానికి ప్రాణం పోశారు. తెగిన తీగలను అతికించారు, పగిలిన పెంకులను మార్చారు, తుప్పు పట్టిన స్పీకర్లను ఒక్కొక్కటిగా దించి బాగుచేసి మళ్ళీ ఎక్కించారు. ప్రసారం చేసే గదికి నాలుగు గోడలా మెత్తలుంటాయి. అందులో మాట్లాడితే మన మాట మనకు తిరిగి రాదు, ఎవరో మింగినట్లు పోతుంది. ఆ గదిలో పగలంతా ఒంటరిగా కూర్చునే వారిని ఒకనాడు అడిగాను.

"ఏమప్పా, భయం లేదా నీకు?"

"ఎవురన్నా ఉంటే ఉండనీ అమ్మా. అడిగినదానికి బదులు చెప్పరు, అంతేగదా. మా రత్న కోపం వస్తే అట్లనే ఉంటాది. నాకు అలవాటే."

ఈ సంగతి చదివి శ్రీమతి రత్నగారు నన్ను క్షమించాలి.

రెండు వేల పదకొండులో భవనం సిద్ధమైంది. లైన్ల ప్రజలను సభకు పిలిచి అడిగి, వారు సమ్మతిస్తే సందర్శకులకు తెరవాలని, సమ్మతించకపోతే కూలగొట్టి స్థలాన్ని సర్కారుకు అప్పగించాలని ట్రస్టు పెద్దలు తీర్మానించారు. ఈశ్వరప్ప గారి ఏడేళ్ళ కష్టం ఆ ఒక్క మాట మీద ఆగింది. సభకు ముందురోజు దీపాలు పెట్టే వేళ, స్పీకర్లు పలుకుతున్నాయో లేదో చూద్దామని వారు ఒక పాత పాట వేసి, సగంలో ఆపి, వినడానికి లైన్లలోకి నడిచి వచ్చారు.

వచ్చి చూస్తే వీధిలో అలికిడి లేదు. ప్రతి గడపలో ఒక ముసలామె నిలబడి ఉంది. ఆరిన పొయ్యిల పొగ గుమ్మాల్లోంచి వస్తోంది. నేనూ నిలబడ్డాను, సగం ఉడికిన అన్నం పొయ్యి మీదే ఉంది. మా ఆయన పోయి అప్పటికే ఎన్నో ఏళ్ళయినా, నా కాళ్ళు నన్ను అడగలేదు. నా పక్కింటి మారమ్మ మగడు గనిలోకి దిగి పైకి రాలేదు, దేహమూ దొరకలేదు. ఆమె కళ్ళు స్తంభం మీదే ఉన్నాయి.

"ఏ షాఫ్టో చెప్పప్పా," అంది. "నిలబడలేకుండా ఉండాను."

ఈశ్వరప్ప గారు ఆమె గడప దగ్గరికి వచ్చారు. "ఏమైంది అవ్వా? నేను ఊరికే టెస్టింగ్ చేసినాను."

అప్పటికి దొడ్డమునియప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళు గనిలో పైకప్పు కూలకుండా కొయ్య ఆనింపులు నిలబెట్టిన మనిషి. ఆచారమంతా చెప్పి, "పాట నిలిపినావు, కబురు చెప్పలేదు. వీళ్ళు ఇంగ ఎన్నాళ్ళు నిలబడల్ల? రేపు సభలో చెప్తాను, ఆ బంగ్లా పడగొట్టేయండని," అన్నాడు.

ఈశ్వరప్ప గారు పరుగున వెళ్ళి మైకు పట్టుకున్నారు. స్తంభాల మీద వారి గొంతు వినిపించింది.

"అమ్మల్లారా, తప్పయింది. గనులు మూసేసినారు. కింద ఎవురూ లేరు. పొయ్యిలు వెలిగించుకోండి."

ఆ మాట ముగిసీ ముగియకముందే నేల కదిలింది. అలమరలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నీళ్ళు నిండిన పాత సొరంగాలు అప్పుడప్పుడు అట్లా సర్దుకుంటాయని మాకందరికీ తెలుసు. తెలిసినా ఎవ్వరమూ కదల్లేదు.

దొడ్డమునియప్ప నేలవైపు చూసి మెల్లగా అన్నాడు. "ఉండామంటాండారు."

మారమ్మ గడపలోనే కూలబడింది. స్పీకర్లు గరగరమన్నాయి. ఆ మెత్తల గదిలో వారికీ నేల కదలిక తగిలిందని తరువాత తెలిసింది. మళ్ళీ వారి గొంతు వచ్చింది.

"కింద ఉండేవాళ్ళకు నమస్కారం. తెలియక లేరన్నాను. మీ ఇంటివాళ్ళు ఈడ బాగుండారు. పాట మిగిలింది, అందరూ వినండి."

ఆగిన చోటి నుంచి పాట మొదలై చివరిదాకా సాగింది. మారమ్మ లేచి లోపలికి వెళ్ళి అగ్గిపుల్ల గీసింది. ఒక్కొక్క ఇంటా వెలుగు వచ్చింది. మరునాడు సభలో అందరూ దొడ్డమునియప్ప నోటివైపే చూస్తుంటే, ఆయన ఇంతే అన్నాడు: "బంగ్లా ఉండనీ. పాట మాత్రం నడాన నిలపొద్దు."

నేడు బెంగళూరు నుంచి, కోలారు కాలేజీల నుంచి వచ్చి మైకు బంగ్లా చూసేవారికి ఈ నియమం వింతగా ఉంటుంది. కరెంటు పోయినా పాట ఆగకూడదని ఈశ్వరప్ప గారు దీపాలకు కాక ముందు పాటకు బ్యాటరీ పెట్టించారు. ఒకసారి ఒక పెద్ద అధికారి ప్రసంగించడానికి లేచి, పాట ఆపమన్నారు. సూపర్‌వైజర్ హోదాలో ఉన్న మన ఈశ్వరప్ప గారు చేతులు కట్టుకుని, "అయ్యా, ఈ పాట అయిపోనీండి, కూర్చోండి," అన్నారు. అధికారి కోపంగా కిటికీ వైపు తిరిగారు. ఎదుటి లైనులో ముసలమ్మలు చేస్తున్న పని ఆపి ఇటే చూస్తున్నారు. ఆయన కూర్చున్నారు.

ఈ నెల ముప్పైన పదవీ విరమణ చేసి శ్రీ ఈశ్వరప్ప గారు సతీసమేతంగా కామసముద్రం వెళుతున్నారు. నాయనా, అక్కడి నేల కదలదు. ఇక్కడ ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళకు కదలని నేల మీద మొదట్లో నిద్ర పట్టదు. బెంగపెట్టుకోవద్దు, మెల్లగా పడుతుంది. మోకాళ్ళకు నువ్వులనూనె రాసుకో, రత్నమ్మ మాట విను. మీ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల మనవలను ఎత్తుకునేటంత ఆయుష్షుతో ఉండాలని నేలకు పైనున్న మేమందరమూ కోరుకుంటున్నాము. కిందనున్నవారి తరఫున కూడా ఈ మాట చెప్పమని మారమ్మ నాతో అంది, అందుకే రాశాను.

మునివెంకటమ్మ, మైకు బంగ్లా సిబ్బంది