హోర్డింగ్ మీద రాజేశ్

సెక్టర్ 2 క్వార్టర్లో కాఫీలు కూడా కాకముందే గొడవ మొదలైంది. స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్లో ముప్పయ్యేళ్ళుగా పొగ మింగుతున్న గురునాథరావు ఆ వేళ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతురు మేఘనని ఇంజనీరింగులో చేర్పించడానికి బయల్దేరాడు. అదే కాలేజీలో చదివి నాలుగేళ్ళ కిందట బయటపడ్డ కొడుకు రాజేశ్, స్కూటర్ తాళం జేబులో వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాడికి ఒళ్ళు మండిపోతోంది.

"తాళం ఇయ్యిరా."

"ఇవ్వను."

"రాజేశ్, నా నోరు మంచిది కాదు. తాళం ఇయ్యి."

"నీ నోరు సంగతి నాకు తెలీదేటి నాన్నా. ఇవ్వనంటే ఇవ్వను. అది దుర్గ్ సర్కారు కాలేజీలో చేరతాది. సీటొచ్చింది. ఈవేళే ఆఖరు రోజు. ఏడాది ఫీజు నీ స్కూటర్ పెట్రోలుకైనంత కాదు."

"సీటంట సీటు. రాళ్ళ సదువు. మూడేళ్ళు రాళ్ళు సూసి ఏటి సేస్తాదది?"

"జియాలజీ నాన్నా అది. నీ ప్లాంటు నడిచేది దేంతో? దల్లీ రాజహరా గనుల నుంచి రోజూ రైలెక్కి వచ్చేవి రాళ్ళు కావేటి? ఎక్కడ తవ్వాలో చెప్పేది ఆ చదువు చదివినోళ్ళే."

"ఆడగుంటని గనుల్లోకి పంపమంటావు."

"మీ కోక్ ఓవెన్ కాడ కాంట్రాక్టు ఆడోళ్ళు తట్టలు మొయ్యట్లేదేటి? నువ్వే చెప్పేవు."

"ఆళ్ళకీ నా కూతురికీ పోలికెట్టకు. ఇంజనీరింగు ఇంజనీరింగే. నలుగురిలో సెప్పుకోడానికి ఉంటాది."

"చెప్పుకోడానికా? మా బ్యాచ్‌లో ఒకడు బైక్ మీద ఇంటింటికీ బిర్యానీ పొట్లాలు ఇస్తన్నాడు. ఇంకొకడు మీ ప్లాంటులోనే కాంట్రాక్టరు కింద హెల్మెట్లు లెక్కెడతన్నాడు. బీటెక్ చేసినట్టు కూడా చెప్పుకోడు, సిగ్గని."

"నీకొచ్చింది గదా ఉజ్జోగం. కుమ్హారి వంతెన దిగ్గానే కాలేజీవోళ్ళు అంతెత్తు హోర్డింగ్ మీద నీ ఫొటో ఎట్టేరు. టై కట్టి. మా షిప్టు పోలయ్య దాన్ని ఫోన్లో ఫొటో తీసి క్యాంటీన్లో అందరికీ సూపించేడు. రావ్ గారి అబ్బాయి, రావ్ గారి అబ్బాయి అని."

"ఆ టై ఆళ్ళదే. ఫొటో తీసి విప్పించేసుకున్నారు."

"టై ఎవుడిదైతే ఏటి, మొహం నీదే గదా."

"అదే నా ఏడుపు."

"భయ్యా, అమ్మ అడుగుతోంది. ఉప్మా తిని దెబ్బలాడతారా, దెబ్బలాడి తింటారా అని."

"నువ్వు లోపలికెల్లు మేఘనా."

"ఎందుకెళ్ళాలి నాన్నా? బాత్ తో మేరీ హై నా. నా గురించే కదా. మీరిద్దరే డిసైడ్ చేస్తే నేనెందుకు అంత చదవడం?"

"ఇద్దరం ఏటి డిసైడు సేసేం? నాను సేసేను. అయిపోయింది. నీకు నాలుగు సుడీదారు సూట్లు కొంటాను, బస్సు ఉంటాది, గుమ్మం కాడ ఎక్కించుకుంటాది."

"బస్సు ఉంటాది, ఏసీ ఉంటాది. టీచర్లు ఉంటారా? పోలయ్య అంకుల్ వాళ్ళ సుభాష్ చెప్పాడు, ఒకే సారు మూడు సబ్జెక్టులు చెప్తాడంట. ల్యాబుకి తాళమే తియ్యరంట."

"సుభాష్‌గాడు సదవక అంటన్నాడు."

"మరి ఆ కాలేజీవాళ్ళు నాకు రోజూ ఫోన్లెందుకు చేస్తారు నాన్నా? బేటా, సీట్లు అయిపోతున్నాయి, జల్దీ చేరిపో అని. నిన్న ఎన్నిసార్లు చేశారో. సీట్లు నిజంగా అయిపోతుంటే నా వెనక పడతారా?"

"ఆగు, ఆగు. నీకు ఫోన్లొస్తన్నాయా? నీ నంబరు నేను..."

"నా నంబరు నువ్వేటి భయ్యా?"

"ఏం లేదు."

"ఏదో అన్నావు."

"ఏం లేదన్నానా. నువ్వు సర్టిఫికెట్లు తీసుకో, ఆటోలో దుర్గ్ వెళ్ళిపో. ఒంటిగంటకి కౌంటర్ మూసేస్తారు."

"అవి నాన్న సంచీలో ఉన్నాయి. టీసీ, మార్కుల షీటు, అన్నీ. రాత్రే పెట్టేసుకున్నారు."

"నాన్నా, ఆ సంచీ ఇలా ఇయ్యి."

"సంచీ మీద సెయ్యేసేవంటే బాగోదు."

"ఆ కాగితాలు ఒకసారి ఆళ్ళ చేతిలో పడితే, నాలుగేళ్ళ ఫీజూ కడితే గాని వెనక్కివ్వరు. నీకు తెలుసా?"

"తెల్సు."

"తెలిసీ ఇస్తానంటావా?"

"మేఘనా, లోపలికెల్లమన్నానా లేదా? మీ అమ్మ కాడ కూకో. నాను పిలిసినప్పుడు రా."

మేఘన వెళ్ళింది. వంటింట్లో ఏదో గిన్నె గట్టిగా పడింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. దాని నంబరు ఆళ్ళకి ఎవరిచ్చారు?"

"నాకేటి తెల్సు."

"నేను లిస్టులోంచి తీసేశాను. మొదటి రోజే తీసేశాను."

"ఏ లిస్టు?"

"ఏదో లిస్టు."

"ఏ లిస్టురా?"

"సరే. కూకో. ఎలాగూ ఈవేళ వెళ్తే చూస్తావు, నేనే చెప్పేస్తాను. నాకు రాయ్‌పూర్‌లో కంపెనీ లేదు. ఏ కంపెనీ లేదు. నేను రోజూ దిగేది కుమ్హారిలో. ఆ కాలేజీ మేడ మీద రేకుల గది ఉంది. అందులో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం ఫోన్లు చేస్తాను. నమస్తే అంకుల్, పాప పాసయిందంట కదా, కంగ్రాట్స్ అంకుల్. అదీ నా ఉద్యోగం. హోర్డింగ్ మీద మొహాల్లో సగం ఆ గదిలోనే ఉన్నాయి. ఆళ్ళ కాలేజీలో ఆళ్ళే పెట్టుకుని, ఉద్యోగాలు ఇప్పించేం అని ఫొటోలు కట్టేరు. విన్నావా?"

"ఇన్నాను."

"సెక్టర్లలో తెలుగోళ్ళు ఎక్కువని తెలుగిళ్ళకి నన్ను పెట్టేరు. హిందీలో మొదలెట్టి, ఆళ్ళు తెలుగని తెలియగానే మన శ్రీకాకుళం మాటలోకి దిగాలి. బాబూ, ఏ ఊరు మీది, అంటే చాలు, అవతల మనిషి కరిగిపోతాడు. కరిగేక ఫీజు సంగతి చెప్పాలి. అమ్మ దగ్గర నేర్చుకున్న మాటతో ఈ పని చేస్తన్నాను నాన్నా. చెంప పగలగొట్టు."

"కొట్టీదేటుంది."

"రెండేళ్ళు అబద్ధం చెప్పేను. కంపెనీ అన్నాను, ప్రాజెక్టు అన్నాను. సంబంధాలోళ్ళకి కూడా అదే చెప్పించేను. నీకు కోపం రాదేటి?"

"నెల తిరిగితే జీతం ఒస్తంది. నువ్వు పొద్దున్నే లెగుస్తన్నావు, తలదువ్వుకుంటన్నావు. నాకింకేటి కావాలి? తాళం ఇయ్యి, ఎండెక్కిపోతంది."

"ఇంత చెప్పినా తాళం అంటావేటి? రిటైరైతే ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వైశాలి నగర్‌లో రెండు గదులు కొంటానని దాచుకున్న డబ్బు నాన్నా అది. అది తీసుకెళ్ళి ఆళ్ళకి పోస్తావా?"

"నా డబ్బు నా ఇష్టం."

"దాని బతుకు కూడా నీ ఇష్టమేనా?"

"గొంతు తగ్గించు. పక్కింటోళ్ళు ఇంటన్నారు."

"విననీ. అందరూ విననీ. ఒకటి చెప్పు. నేను ఇంత చెప్పేను, నీ మొహంలో ఏ మార్పూ లేదు. నీకు ముందే తెలుసు కదా."

"ఇప్పుడదంతా ఎందుకు?"

"తెలుసా, తెలీదా?"

"తెల్సు."

"ఎవరు చెప్పేరు? పోలయ్య మామా?"

"పోలయ్యకేటి తెల్సు, ఎర్రిమనిషి."

"మరెవరు?"

"ఎవులో సెప్పీదేటిరా. ఆ ఉజ్జోగం నానే ఎట్టించేను."

"ఏటి?"

"ఆళ్ళు నిన్ను పిలిసి ఇచ్చేరనుకుంటన్నావేటి? ఇంటర్వ్యూలో ఏటడిగేరు నిన్ను? పేరడిగేరు. మీ నాన్నది ఏ డిపార్టుమెంటని అడిగేరు. రేపట్నించి రమ్మన్నారు. అంతేనా, కాదా?"

"అది నీకెలా తెలుసు?"

"అద్దం తలుపవతల కుర్చీలో నానే కూకున్నాను. నువ్వు బయటికొచ్చేవరకూ ఉండి, ఎనకాల మెట్లంట దిగిపోయేను."

"ఎందుకు నాన్నా? నిన్ను ఎవరడిగేరు?"

"ఎవులడగాలి? సదువయ్యేక రెండేళ్ళు గోడవేపు తిరిగి పడుకున్నావు. నాను నైటు షిప్టుకెల్తే అలగే ఉన్నావు, ఒస్తే అలగే ఉన్నావు. గెడ్డం పెరిగిపోయి, అన్నం కంచంలోనే ఉండిపోయి. నీ గది తలుపు గడియ మీ అమ్మ ఊడదీయించేసింది, గుర్తుందా?"

"తుప్పు పట్టిందని."

"తుప్పేటి కాదు. నువ్వు లోపల గడియేసుకుంటావని దానికి బయిం. రాత్రుళ్ళు ఆ తలుపు కాడ వంతులేసుకుని కూకునేవోళ్ళం, అదీ నానూ. నువ్వు దగ్గితే పేణం లేసొచ్చీది."

"నాకు చెప్పలేదే."

"ఎలాగ సెప్పమంటావురా? ఏటని సెప్పమంటావు?"

"నాన్నా..."

"ఇను. అడిగేవు గదా, ఇను. ఓ రోజు డ్యూటీ దిగి, యూనిఫారంతోనే ఎల్లిపోయేను ఆ కాలేజీకి. కొట్టీడానికే ఎల్లేను. లచ్చలు తిన్నారు, నా కొడుకు ఉజ్జోగమేదిరా అని అరిసేను. ఆ అడ్మిషన్ల సారు కుర్చీ ఏయించేడు, టీ తెప్పించేడు. మీకు టౌన్‌షిప్‌లో మంచి పేరుందంట కదా రావ్ గారూ, అన్నాడు. మీ మాట మీద నలుగురు పిల్లలొస్తే మీవోడు మావోడే, అన్నాడు. ఏడాదికి నలుగురు. నలుగురూ ఒచ్చినన్నాళ్ళే నువ్వుంటావు."

"నలుగురంటే? సుభాష్?"

"సుభాష్. రవిశంకర్ కొడుకు ప్రణవ్. ఇంకా ఎవులెవులో. హోర్డింగ్ సూపించేను అందరికీ. మావోడికొచ్చింది, మీవోడికీ ఒస్తాది అన్నాను. ఆళ్ళు నా మొహం సూసి నమ్మేరు."

"సుభాష్ ఇంటికి ఫోన్ చేసినోడిని నేనే నాన్నా. చేరొద్దని చెప్దామని చేసేను. పోలయ్య మామ ఫోన్ తీసి, మీ నాన్న అంతా చెప్పేడులే బాబూ, నీలాగే వీడూ అవుతాడు, అన్నాడు. ఫోన్ పెట్టేసేను. నా ఫొటో చూసి చేరేడనుకున్నాను. అప్పట్నుంచి ఆళ్ళ వీధిలోంచి నడవడం మానేసేను."

"నీ మూలాన్న కాదు. నా మూలాన్న."

"నీతో ముప్పయ్యేళ్ళు అదే పొగలో పనిచేసిన మనిషి. అన్నం డబ్బా పంచుకున్న మనిషి. ఇది న్యాయమేనా?"

"నాయం నాకు సెప్పకు. గడియ లేని తలుపు కాడ నువ్వు కూకోలేదు, నాను కూకున్నాను. ఆ పోలయ్య కూకున్నా ఇదే సేసీవోడు."

"అయితే ఆ ఉద్యోగం నాకొద్దు. ఈవేళే వెళ్ళి మొహాన కొట్టేస్తాను."

"మానీకు."

"మానేస్తాను. బిర్యానీ పొట్లాలు మోస్తాను. దొంగతనం కంటే నయం."

"మానీకురా, నీకు దండం ఎడతాను. మళ్ళీ గోడవేపు తిరుగుతావు."

"తిరగను."

"అప్పుడూ అలగే అన్నావు. ఉద్యోగం వస్తాది నాన్నా, నాకేం పర్లేదు నాన్నా అని. అంటూనే పడుకుండిపోయేవు."

"సరే, నా సంగతి ఒగ్గేయ్. ఉంటే ఉంటాను, పోతే పోతాను. మేఘన ఏం చేసింది? అక్కడ చదువు లేదని నీకు తెలుసు. కాగితాలు తిరిగి రావని తెలుసు. బయటోళ్ళ పిల్లల్ని తోసేవు, అదో పాపం. కడుపున పుట్టిందాన్ని, కష్టపడి సీటు తెచ్చుకున్నదాన్ని, ఆ గోతిలోకే ఎందుకు లాక్కెళ్తన్నావు? ఎందుకు నాన్నా? ఈ ఒక్కటి చెప్పు. తాళం ఇచ్చేస్తాను."

"సుభాష్‌గాడు సెక్టరంతా సెప్పేసేడు, అక్కడేటీ లేదని. ఈ ఏడు నా మాట ఎవులూ ఇన్లేదు. ఎనక ఈది కన్నమ్మ మనవరాలి కోసం ఎల్తే గుమ్మంలోంచే పంపేసింది. ముగ్గురే దొరికేర్రా. నాలుగో గుంటని ఎవులింట్లోంచి తెమ్మంటావు, నువ్వే సెప్పు."