పావుగంటకే ఆగిన చార్జింగ్

పటాన్‌చెరు నుంచి బయలుదేరిన కారు కంది దగ్గర పొగమంచులో ఆగిపోయింది. పావుగంటలో సంగారెడ్డిలో టీచరు ఉద్యోగాల పరీక్ష కేంద్రం గేటు మూసేస్తారు. కారు నడుపుతున్న భర్త పక్కన ఆమె కూర్చుని ఉంది; వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

"హైబ్రిడ్ కారు, కరెంటు అయిపోతే పెట్రోలుతోటి నడుస్తదంటిరి గదా?"

"ఉన్న జరంత పెట్రోలు గూడ అయిపోయింది. సలికి హీటర్ పెడితే ఇంజను మొత్తం తాగింది."

"రాత్రి చార్జింగ్ నేనే పెట్టిన."

"నీళ్లు కాగబెట్టనీకి మళ్ల నువ్వే తీసి ఉంటవ్. ఇంట్ల పెద్ద ప్లగ్గు ఒక్కటేనాయె."

"కారుకు కరెంటు తక్కువైతదని ఇయ్యాల సన్నీళ్లే పోసుకున్న."

"అయితే అమ్మ తీసిందేమో."

"అత్తమ్మ జోగిపేటకు పోయి నాలుగు రోజులాయె. ఇగో, ఫోన్ల సూడుండ్రి. నేను పెట్టిన పావుగంటకే చార్జింగ్ బందైంది."

అతను ఫోను వైపు చూడలేదు.

"ఇప్పుడు నీకు నౌకరి లేకుంటే ఏం తక్కువైంది?"

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె భర్త పేరు ఒక్కసారి కూడా పలకలేదు. హాల్‌టికెట్‌ను మడిచి సంచిలో పెట్టుకుని, తలుపు తీసి రోడ్డు మీదికి దిగింది.

"నువ్వే తీసినవ్, కాశీనాథ్."