మరిదికి దక్కని చేప

1981 జూన్ ఒకటో తేదీన శ్రీమతి అబా ఎసుమన్ గారు మన సెకొండి రేవు నాటకశాల దుస్తుల విభాగంలో చేరారు. నాడు వారి చేతిలో ఉన్నవి ఒక సూదుల డబ్బా, ఒక నల్ల గుడ్డ, ఎవరి మాటనైనా ఒకసారి వింటే అదే తీరున తిరిగి పలికే గొంతు. మొదటి రెండింటికే జీతం ఇచ్చారు. మూడోదాన్ని ఎవరూ అడగలేదు. మన బృందంలో స్త్రీ పాత్రలను అప్పటికీ మగవారే ధరించేవారు. ఆ మగవారి గౌనులు కుట్టడంలోనే అబా గారికి ఎనిమిదేళ్లు గడిచాయి.

1989లో తాము రాసుకున్న ఏకపాత్ర నాటకానికి వారు అనుమతి కోరారు. భర్త పోయిన స్త్రీ ఇంటిని మరిది ఆక్రమించే కథ. నల్ల గుడ్డ తలపై ఉంటే వితంతువు, భుజాన పడితే మరిది.

"ఒక్కదానివే ఏడుస్తావు, ఒక్కదానివే ఓదార్చుకుంటావు. టికెట్టు కొన్నవాడికి ఇంకేం పని, అబా?" అన్నారు మన దర్శకులు బెంట్సిల్ మామయ్య. అయినా మూడు శనివారాల మధ్యాహ్నాలు ఇచ్చారు. మూడోదీ తేలిపోతే మళ్లీ వేదిక ఊసెత్తకూడదన్నది షరతు.

మొదటి శనివారం పదకొండు మంది వచ్చారు; వారిలో నలుగురు వానకు ఆగినవారు. రెండోసారి తొమ్మిది మంది. టికెట్ల గదిలో కూర్చున్నది నేనే కనుక ఈ లెక్కలో తప్పు లేదు. మూడోసారి చేపలమ్మే ఆడవారు ముప్పై మంది దాకా వచ్చారు. పడవలు ఆలస్యమై, వారికి ఆ పూట వేరే పని లేకపోయింది.

వితంతువు ఆకలితో కూర్చున్న ఘట్టంలో వారిలో ఎసి అనే ఆవిడ వేదికెక్కి, ఆమె ఒళ్లో పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద ఒకటి, వేయించిన చేప పెట్టి దిగారు. కష్టపడే పాత్రకు తిండి పెట్టడం మనవాళ్లకు మామూలే. చిక్కు తర్వాత వచ్చింది. అబా గారు గుడ్డను భుజాన వేసుకుని మరిదిగా మారి, ఆ చేపను కొరకబోయారు. ఎసి మళ్లీ వేదికెక్కి చెయ్యి పట్టుకున్నారు.

"అది ఆవిడకిచ్చాను, నీక్కాదు. పెట్టు కింద."

అబా గారు గుడ్డ సవరించలేదు, గొంతు మార్చలేదు. "ఇల్లే నాదయ్యాక ఇంట్లో తిండి నాది కాదా?" అన్నారు మరిదిగానే.

"ఇంటి సంగతి పెద్దలు చూస్తారు. చేప సంగతి నేను చూసుకుంటా."

చేప లాక్కుని, గుడ్డ మళ్లీ తలమీదికి వచ్చేదాకా ఎసి వేదిక మీదే నిలబడ్డారు. అప్పుడు వితంతువు చేతికే ఇచ్చి దిగారు. టికెట్టు కొన్నవారికి పని దొరికిందని బెంట్సిల్ మామయ్య ఒప్పుకున్నారు. నాలుగో శనివారం అడగకుండానే ఇచ్చారు.

అది మొదలు ముప్పై రెండేళ్లలో టార్క్వా గనుల నుంచి ఆక్సిమ్ తీరం దాకా ఎనిమిది వందల పన్నెండు ప్రదర్శనలు. మధ్యలో జ్వరం వల్ల ఆగినవి రెండు. దుస్తుల విభాగంలో ఉద్యోగాన్ని మాత్రం వారు చివరిదాకా వదులుకోలేదు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

నేడు వారు పదవీ విరమణ చేసేనాటికి నిలిచినవి ఇవి: అదే నల్ల గుడ్డ, పదిహేడు అతుకులతో; ఆకలి ఘట్టం రాగానే ఊరూరా తెరుచుకునే తిండి మూటలు; ఈనాటికీ మొదటి వరుసలో కూర్చుని, గుడ్డ భుజానికి జారగానే ముఖం తిప్పుకునే ఎసి గారి స్నేహం. అన్ని ప్రదర్శనల్లోనూ అబా గారు ఒక్క ముద్దయినా పూర్తిగా తినలేదు. ప్రతిసారీ మరిది రావలసి వచ్చేది. ఇకమీదట అతడు రాడు. శ్రీమతి అబా ఎసుమన్ గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు జీవించి, తీరిగ్గా కూర్చుని, చేప చివరి ముక్క దాకా తామే తినాలని మనందరి ఆకాంక్ష.