ఎత్తకూడని గంట

అధ్యక్షులుగా కూర్చున్న వేణుగోపాలరాజు గారికి, బెంగళూరు నుంచి శ్రమపడి వచ్చిన విజయ్ పాల్ గారికి, ముందు వరసలో పెద్దలకి, మా వీధి వాళ్ళకి, మేడ మీద ఆఫీసు పిల్లలందరికీ ఈ రత్నమాణిక్యం నమస్కారాలండి. మాట్లాడమన్నారు కాబట్టి లేచాను గానీ, ముందు ఒక మాట అడగాలి. నాగవల్లీ, గ్యాసు కట్టేసే వచ్చాం కదమ్మా? (నవ్వులు) నవ్వుతారు గానీ, గడప దాటాక ఆ మాట ఎవరితోనన్నా ఒకసారి అనిపించుకోకపోతే నాకు ఊపిరాడదండి. కట్టేశాం అంటోంది. ఇహ మాట్లాడతాను.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇంటర్నెట్టు మీద ఫోను ఎలా వెళ్తుందో, ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు. ఈ పిల్లల ‘ఏవండోయ్’ ఫోను కంపెనీని విజయ్ పాల్ గారి అంత పెద్ద కంపెనీ వాళ్ళు కొనుక్కున్నారంటే, మన రాజమండ్రి పిల్లల పని అంతదూరం తెలిసిందంటే, ఇందులో నేను చేసిందల్లా దానవాయిపేటలో మా మేడ మీద వాటా అద్దెకివ్వడమే. ఆ ఇవ్వడం కూడా భయపడుతూనే ఇచ్చాను. సాయికిరణ్, నాగవల్లి ఇద్దరూ టులెట్ బోర్డు చూసి వచ్చారు. మీరేమవుతారమ్మా అంటే, కలిసి చదువుకున్నామండి, కలిసి కంపెనీ పెడతామండి అన్నారు. నాకు ఆ రెండో మాట ఎక్కలేదు. మజ్జిగ పట్టుకెళ్ళే వంకతో వేళకాని వేళల్లో మేడెక్కి చూసొచ్చేదాన్ని. ఎప్పుడు చూసినా ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి కంప్యూటర్లు కొట్టుకుంటూ ఉండేవారు. కొన్నాళ్ళకి నాకే జాలేసి, కాసేపు మాట్లాడుకోండమ్మా అన్నాను. (నవ్వులు)

మొట్టమొదటి ఫోను నాకే చేశారండి. మేడ మీద నుంచి కిందకి. “అమ్మగారూ, వినపడుతున్నానా?” అన్నాడు సాయికిరణ్. వినపడింది. మెట్ల మీద నుంచి ముందొచ్చింది, ఫోన్లోంచి వెనకొచ్చింది. ఆ మాటే చెప్పాను. పాపం, పిల్లాడి మొహం వాడిపోయింది. ఆ వెనకొచ్చే మాటని ముందుకి లాగడానికి ఎన్నాళ్ళు పట్టిందో వాళ్ళకే తెలుసు. చివరికి సిగ్నలు సరిగ్గా అందని లంక ఊళ్ళల్లో కూడా మాట తెగకుండా వచ్చేలా చేశారు.

ఆ రోజుల్లో ఆదుకున్నది మన అధ్యక్షులు రాజు గారు. భీమవరం అవతల రొయ్యల చెరువులు, గట్ల మీద కాపలా మనుషులు, వాళ్ళతో మాట్లాడటానికి సిగ్నలు లేక ఆయన అవస్థ ఆయనది. “మా ఆవిడ లక్ష్మీనరసమ్మ వంటింట్లోంచి ఏవండోయ్ అంటే చెరువు గట్టు మీదున్న నాకు వినపడుద్ది. మీ యంత్రం ఆవిడంత పనిచేస్తే చెప్పండి, డబ్బు నేను పెడతాను” అన్నారు. (నవ్వులు) లక్ష్మీనరసమ్మ గారూ, మీరు తల దించుకోకండి, కంపెనీకి పెట్టిన ఆ పేరు మీ పిలుపేనండి. బెంగళూరులో దాన్ని పలకలేక తిప్పలు పడుతున్నారట. పడనివ్వండి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా అమ్మాయి సూర్యకళ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. వాళ్ళు మంచివాళ్ళే, ఆ మాట చెప్పకపోతే పాపం. కానీ పని వేళల్లో ఫోను మాట్లాడనివ్వరు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో మా వైపు ఒక పద్ధతి ఉందండి. అక్కడివాళ్ళు రోజూ ఒక్క రింగు ఇచ్చి కట్టేస్తారు. బాగున్నాను అని దాని అర్థం. ఇవతల మనం ఎత్తకూడదు. ఒకప్పుడు ఎత్తితే డబ్బులు పోతాయని ఎత్తేవాళ్ళం కాదు. ఇప్పుడు పోకపోయినా ఎత్తం. ఎత్తామంటే, ఇంటిదగ్గర ఏదో అయిందనుకుని అక్కడ పిల్ల గుండె జారిపోద్ది.

‘ఏవండోయ్’ కోనసీమలోకి పాకాక సాయికిరణ్‌కి తిండి సహించడం మానేసింది. చాలా ఫోన్లు రింగవగానే తెగిపోతున్నాయి, ఎవరూ ఎత్తట్లేదు, యంత్రంలో ఎక్కడో లోపం ఉంది అని ఒకటే వెతుకులాట. హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించాడు. వాళ్ళూ వెతికారు. ఆఖరికి ఆ తెగిపోయే నంబర్లలో నాది కూడా కనపడిందట. కిందకొచ్చి, “అమ్మగారూ, మీ అమ్మాయి ఫోను రోజూ తెగిపోతోందండి. మీ ఫోను ఇలా ఇవ్వండి, బాగుచేస్తాను” అన్నాడు.

నేను కొంగులో దాచేశాను. “బాగున్నదాన్ని పాడుచెయ్యకు బాబూ” అన్నాను.

“ఎక్కడ బాగుందండీ? మీరిద్దరూ మాట్లాడుకోవడమే లేదు.”

“లేకపోవడమేంటి? పొద్దున్న మాట్లాడింది కదా.”

“పొద్దున్న కూడా తెగిపోయిందండీ.”

“ఆయ్. అదే మాట.”

మెట్ల మీద నాగవల్లి కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. వాళ్ళమ్మ మస్కట్‌లో ఉంటే ఆ పిల్ల అమలాపురంలో అమ్మమ్మ దగ్గర ఆ రింగులు వింటూనే పెరిగిందట. “తెలిసుండీ నాకే తట్టలేదు సాయీ” అంది. అప్పుడు పెట్టారండి క్షేమం గంట. అక్కడ బొత్తాం నొక్కితే ఇక్కడ పూజ గంట కదిలినట్టు ఒక్కసారి మోగుద్ది. ఎత్తడానికి అందులో ఏమీ ఉండదు. దానికోసమే జనం ఎగబడ్డారు. రాజోలు, నరసాపురం, తాళ్ళరేవు, ఆ తర్వాత లారీ డ్రైవర్లు, ఓడల మీద పనిచేసేవాళ్ళు, హాస్టల్లో పిల్లలు. మాటలకోసం పెట్టిన కంపెనీ మాట్లాడకుండా ఉండేవాళ్ళ వల్ల పైకొచ్చింది.

ఒక ఆదివారం నాకు గంట మోగలేదు. పొయ్యి మీద అన్నం మాడింది. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను, మోకాళ్ళ నొప్పితోనే కొండెక్కుతానని. ఇంతలో గేటు దగ్గరికి మా పక్కవీధి ఏసమ్మ వచ్చింది, దాని కోడలు దోహాలో ఉంటుంది. “నీకు మోగిందా?” అంది. “నీకు?” అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని మేడెక్కేశాం. మోకాళ్ళు గుర్తు రాలేదు.

పైన సాయికిరణ్ తెల్లబోయి కూర్చున్నాడు. యంత్రం ఆగిపోయిందమ్మగారూ, ఎవరికీ గంటలు వెళ్ళట్లేదు అన్నాడు. తిడతాననుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చిందండి. “ఆగింది మీ యంత్రమా? చల్లగా ఉండు నాయనా” అన్నాను. (నవ్వులు, చప్పట్లు)

ఏసమ్మ మాత్రం కదల్లేదు. “మనకి దగ్గర్లో ఈ మేడ ఉంది కాబట్టి తెలిసింది. లేనోళ్ళకి ఎవరు చెప్తారు?” అంది. సాయికిరణ్, బాగుచేసేస్తే వాళ్ళకే తెలుస్తుంది కదండీ అన్నాడు. అతని తప్పేం లేదు, కంపెనీలన్నీ అలాగే అనుకుంటాయట. నాగవల్లి ఒప్పుకోలేదు. ఇప్పుడే చెప్పాలి, మామూలు ఫోన్లకి చెప్పాలి, చదవలేనివాళ్ళుంటారు కాబట్టి గొంతుతో చెప్పాలి అంది. సాయికిరణ్ మైకు ముందు కూర్చుని, మీవారంతా క్షేమంగా ఉన్నారు, ఆందోళన చెందవద్దు అన్నాడు. రైల్వే స్టేషన్లో చెప్పినట్టుంది. ఎవరు నమ్ముతారు? నన్ను కూర్చోబెట్టారు. నాకు ఆ మాట నోట రాలేదండి. “క్షేమంగా ఉన్నారని మనకేం తెలుసు? తెలీనిది ఎలా చెప్తాను?” అన్నాను. మరేం చెప్తారు అన్నారు. నాకు మేడ మీద ఏం వింటే ప్రాణం లేచొచ్చిందో అదే చెప్పాను.

“అమ్మా, నేను రాజమండ్రి నుంచి రత్నమాణిక్యాన్ని. మా అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఇవాళ గంట మోగకపోవడం మా యంత్రం తప్పు. అది మీ వాళ్ళ కబురు కాదు. బాగవగానే మళ్ళీ చెప్తాను. అన్నం తినండి.”

అంతే. ఇప్పటికీ యంత్రం ఎప్పుడాగినా ఆ గొంతే వెళ్తుంది. మొన్న నరసాపురం పెళ్ళిలో ఒకావిడ నా మాట విని, “మీరు అన్నం తినండి ఆవిడ కదూ?” అని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

(వక్త సంచిలోంచి ఒక్క గంట)

అదిగో, మా సూర్యకళ. ఎత్తనండి. ఇవాళ్టికి బాగుంది. (చాలాసేపు చప్పట్లు)

ఏ మాటకామాట, కొన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇక్కడి పిల్లలందరికీ అక్కడ ఉద్యోగాలిచ్చారు. సాయికిరణ్‌నీ నాగవల్లినీ గౌరవంగా పిలుచుకెళ్తున్నారు. సంతకాలైన రోజు కుర్రాళ్ళు కారేసుకుని, సీసాలు చవకని చెప్పుకునే యానాం వెళ్ళొచ్చారు. ఎందుకో నేను అడగలేదు, రాజు గారు కూడా అడగొద్దన్నారు. (నవ్వులు) విజయ్ పాల్ గారు బెంగళూరు అయినా మన సామర్లకోట మనిషి. మొన్న మా ఇంట్లో భోంచేస్తుంటే వాళ్ళమ్మగారి ఫోనొచ్చింది. పనసపొట్టు కూర కలుపుకుంటూ, “మీటింగులో ఉన్నానమ్మా” అన్నారు. (నవ్వులు) సిగ్గుపడకండి బాబూ. ఆవిడకి కావలసింది మాటలు కాదు. ఒక్క గంట చాలు.

ఆ భోజనాల దగ్గరే అడిగాను, గంట ఉంచుతారా అని. మాట్లాడని ఫోన్ల వల్ల యంత్రానికి బరువే గానీ రాబడి లేదమ్మగారూ, మా దాంట్లో కలిపాక ఏమవుద్దో, చూద్దాం అన్నారు. సామర్లకోటలో ‘చూద్దాం’ అంటే ఏంటో రాజమండ్రిలో తెలీదనుకున్నారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఆ మాట అని లేచెళ్తే, పళ్ళేలు కడుక్కోవడమే. (నవ్వులు) అప్పట్నుంచి నాకు కునుకు లేదు. నా ఒక్కదానికే అయితే అడగను. సూర్యకళ వారానికోసారి ఎలాగో మాట్లాడుద్ది. ఆ గంట తప్ప వేరే దారి లేని పిల్లలు ఎందరున్నారో, ఆ ఆదివారం నా గొంతు విన్నవాళ్ళని అడగండి.

ఇప్పుడు జవాబు చెప్పకండి బాబూ. పూలదండలేసుకుని ఉన్నారు, మర్యాదకి సరే అంటారు. మీవాళ్ళంతా కూర్చుని తేల్చుకోండి. గంట ఉంటుందనుకుంటే, బెంగళూరు నుంచి నాకు ఒక్క గంట కొట్టండి. నేను ఎత్తను, అర్థం చేసుకుంటాను. తీసేస్తామనుకుంటే మాత్రం ఫోను చెయ్యండి. అది ఎత్తుతాను. ఎందుకు తీసేస్తున్నారో మీ నోటితో చెప్పండి, తిట్టను. ఊరుకుని మాత్రం ఉండకండి. మోగని గంట ముందు కూర్చున్నవాళ్ళకి, అది ఎవరి తప్పో తెలియకపోవడం ఎంత నరకమో మీకు చెప్పాను కదా.

(విజయ్ పాల్ గారు లేచి, ఫోను తీసి, “నంబరు చెప్పండమ్మగారూ” అన్నారు.)

నా నంబరా? మీరు కొనుక్కున్నదాంట్లోనే ఉంది బాబూ. మొట్టమొదటిది నాదే.

సాయికిరణ్, నాగవల్లీ, మీరు చేరగానే నాకు గంట కొట్టండి. మేడ మీద చీకటిగా ఉంటే నాకు భయం, దీపం నేనే వేసుకుంటాను లెండి. రాజు గారికి, లక్ష్మీనరసమ్మ గారికి, నా కంగారంతా ఓపిగ్గా విన్న మీ అందరికీ రెండు చేతులా దణ్ణాలు. ఇళ్ళకి జాగ్రత్తగా వెళ్ళండి, అన్నం తినండి. సెలవు.